గుడ్డులో బాతు పిల్ల, బయట మనం

సంక్రాంతికి ఊరెళ్ళిన వాళ్ళు అరిసెలూ సున్నుండలూ తెచ్చుకుంటారు. మేము ఈసారి వాటితోపాటు పది బాతు గుడ్లు కూడా తెచ్చుకున్నాం. కూరకి కాదు, పొదిగించడానికి.

ఇది మా అబ్బాయి పంతం. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. సెలవులకి రాగానే చేపల మార్కెట్ నుంచి ఖాళీ థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చి, నాలుగుసార్లు కడిగి, దానికి రెండు బల్బులు, పాత కంప్యూటర్లోంచి తీసిన బుల్లి ఫ్యాన్, వేడిని బట్టి బల్బుల్ని ఆర్పి వెలిగించే చిన్న పరికరం బిగించాడు. మూతకి కిటికీలా గాజు పలక అతికించాడు. "అమ్మా, ఇంక్యుబేటర్ రెడీ" అన్నాడు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, అందుకని ముక్కనుమ నాడు బయల్దేరి గుణదల వచ్చాం. ప్రయాణంలో కుదుపులు తిన్న గుడ్లని రాత్రంతా మొన కిందికి ఉండేలా ట్రేలో కదపకుండా ఉంచి, జనవరి 17 పొద్దున పెట్టెలో పెట్టాం. ఆ మర్నాడే వాడు కాలేజీకి వెళ్ళిపోయాడు. పెట్టె, పది గుడ్లు, ఇరవై ఎనిమిది రోజులు నాకు మిగిలాయి.

మా ఇంట్లో బాతుల గురించి తెలిసిన మనిషి ఒక్కరే, మా అత్తయ్యగారు. ఆవిడ పుట్టిల్లు కైకలూరు దగ్గర, కొల్లేటి వైపు పల్లె. ఆ గుడ్లు కూడా అక్కడ ఆవిడ తమ్ముడుగారి చెరువు బాతులవే. కిందటి అక్టోబర్లో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట కొంచెం ముద్దగా వచ్చేది. కాలు త్వరగానే కోలుకుంది, కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతున్నారు. చెయ్యి మాత్రం మొండికేసింది. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉండేవి. అంతకుముందు రోజంతా ఏదో ఒక పని చేస్తూ ఉన్న మనిషి, ఇప్పుడు టీవీ ముందు కూర్చుని ఏమీ చూడకుండా చూస్తుండేవారు. ఈ పెట్టె వచ్చాక ఆవిడ కుర్చీ టీవీ ముందు నుంచి పెట్టె ముందుకి జరిగింది.

డెల్టాలో పుట్టిన వాళ్ళకి బాతులు కొత్త కాదు. వరికోతలు అయ్యాక పొలాల్లో వందల బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకు తింటూ మడి నుంచి మడికి సాగిపోతాయి. వాటి వెనకాల పొడుగాటి కర్ర పట్టుకుని ఒకరిద్దరు మనుషులు. రాత్రికి కాలవ గట్టున వల చుట్టి మందని లోపలికి తోలతారు. బాతులు తెల్లవారుజామునే గుడ్లు పెట్టేస్తాయి కాబట్టి, పొద్దు పొడిచేసరికి బురదలో తెల్లగా గుడ్లు. మందని మళ్ళీ కదిలించేముందు వాటిని ఏరి బుట్టల్లో పెడతారు. ఇదంతా నేను బస్సు కిటికీలోంచి చూసిందే. కానీ ఇన్ని బాతులు ఎక్కడ పుడుతున్నాయి, ఎవరు పొదుగుతున్నారు అని ఎప్పుడూ ఆలోచించలేదు.

బాతులు సరిగ్గా పొదగవట. ముఖ్యంగా గుడ్ల కోసం పెంచే జాతులు. ఖాకీ క్యాంప్‌బెల్ అనే పేరు వినే ఉంటారు. ఇంగ్లండులో గ్లౌసెస్టర్‌షైర్‌లో ఉండే అడేల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ 19వ శతాబ్దం చివర్లో రెండు మూడు రకాల బాతుల్ని కలిపి తయారుచేసిన జాతి అది. ఏడాదికి 300 దాకా గుడ్లు పెడుతుంది. అన్ని గుడ్లు పెట్టాలంటే గుడ్ల మీద కూర్చునే బుద్ధి ఉండకూడదు మరి. మన నాటు బాతులు కూడా గుడ్డు పెట్టి ఈతకి పోయే రకమే ఎక్కువ. అందుకే పల్లెల్లో బాతు గుడ్లు కోడి కింద పొదగేస్తారు.

"మా అమ్మ పొదుగుకొచ్చిన పెట్టని చూసి, దాని గుడ్లు తీసేసి పది పన్నెండు బాతు గుడ్లు పెట్టేది. గంపలో వరిగడ్డి, దాని కింద కాస్త ఇసుక" అని అత్తయ్య చెప్పారు. "కోడి గుడ్డుకి ఇరవై ఒక్క రోజు. బాతు గుడ్డుకి ఇరవై ఎనిమిది. పాపం దానికి లెక్క తెలవదుగా. ఇంకో వారం కూర్చునేది. మా అమ్మ రోజూ కాసిని నీళ్ళు చిలకరించేది గుడ్ల మీద."

ఆ నీళ్ళు ఎందుకో మా అబ్బాయి ఫోన్లో చెప్పాడు. నిజం బాతు అయితే చెరువులోంచి తడి రెక్కలతో వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. బాతు గుడ్డుకి కోడి గుడ్డు కంటే తేమ ఎక్కువ కావాలి. కోడి రెక్కలు పొడిగా ఉంటాయి కాబట్టి ఆ తడి మనిషి ఇవ్వాలి. వాడు ఇంటర్నెట్టులో చదివినదీ, ఆవిడ గంప పక్కన కూర్చుని చూసినదీ ఒక్కటే అయ్యాయి.

నా దినచర్యలో ఇంకో వంటిల్లు చేరినట్టయింది. పెట్టెలో వేడి 37.5 డిగ్రీలు ఉండాలి. తేమ 55, 60 మధ్య. నీళ్ళ గిన్నె ఎండిపోకుండా చూడాలి. గుడ్లని రోజుకి కనీసం మూడుసార్లు తిప్పాలి, లేకపోతే లోపలి పిండం ఒక పక్కకి పొరకి అతుక్కుపోతుంది. తిప్పామో లేదో గుర్తుండాలని ప్రతి గుడ్డుకీ పెన్సిల్‌తో ఒక వైపు "అ", ఇంకో వైపు "ఆ" అని రాశాను. పొద్దున "అ", మధ్యాహ్నం "ఆ", రాత్రి మళ్ళీ "అ". మర్నాడు "ఆ" తో మొదలు. ఇలా బేసి లెక్కన తిప్పితే, ఎక్కువసేపు ఉండే రాత్రి వేళ ఒక్కో రోజు ఒక్కో వైపు పైకి వస్తుంది. రెండో వారం నుంచి రోజూ ఓ పది నిమిషాలు మూత తీసి చల్లబరిచి, గోరువెచ్చటి నీళ్ళు చిలకరించడం. బాతు మేతకి లేచి వెళ్ళి వచ్చినట్టన్నమాట.

అత్తయ్యకి థర్మామీటర్ మీద నమ్మకం లేదు. ఎడం చేత్తో ఒక గుడ్డు తీసి, కన్ను మూసుకుని రెప్పకి ఆనించుకునేవారు. "సరిపోయింది" అనో, "కాస్త తగ్గించు" అనో అనేవారు. నాకు నవ్వొచ్చేది. తర్వాత చదివితే తెలిసింది, ఈజిప్టులో ఎన్నో వందల ఏళ్ళుగా మట్టి గదుల్లో వేడి పెట్టి గుడ్లు పొదిగించే వాళ్ళు కూడా ఇలాగే కనురెప్పకి ఆనించి వేడి చూస్తారట. బాలి ద్వీపంలో, చైనాలో అయితే వేడిచేసిన వడ్లతో, ఊకతో బాతు గుడ్లు పొదిగించే పద్ధతి ఉందట. ఎక్కడి మనుషులైనా, బాతు వదిలేసిన పని నెత్తికెత్తుకున్న వాళ్ళే.

ఏడో రోజు రాత్రి లైట్లన్నీ తీసేసి, సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూశాం. ఎర్రటి సన్నని దారాలు సాలెగూడులా పరుచుకుని, మధ్యలో ఒక నల్లచుక్క కదులుతోంది. పదో తరగతి చదువుతున్న మా అమ్మలు ఊపిరి బిగపట్టి చూసింది. రెండు గుడ్లలో ఏమీ లేదు, పచ్చసొన నీడ తప్ప. పద్నాలుగో రోజున మరొకటి ఆగిపోయి కనిపించింది. అవి మూడూ తీసేశాం. ఏడు మిగిలాయి. రెండు మూడు రోజులకోసారి వంటింటి కాటా మీద తూచేదాన్ని. పెంకుకి కంటికి కనపడని వేల రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీరు కొంచెం కొంచెం ఆవిరైపోతుంది. 70 గ్రాముల గుడ్డు 25 రోజులకి 61 గ్రాములకి అటూ ఇటూగా రావాలి. తగ్గిన మేరకి లోపల వెడల్పు వైపున గాలి గది పెరుగుతుంది. పిల్ల మొదటి ఊపిరి తీసుకునేది ఆ గదిలోనే.

ఫిబ్రవరి 9, 10, 11 మా గుణదలలో మేరీమాత ఉత్సవాలు. ఆ మూడు రోజులూ మా వీధుల్లో అడుగు తీసి అడుగు వేయలేం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం కొండెక్కుతుంటారు. మైకుల్లో ప్రార్థనలు, రోడ్డు పొడుగునా కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, బొమ్మల కొట్లు. నా భయం కరెంటు గురించి. పెట్టెని ఇన్వర్టర్ లైనుకి మార్చి ఉంచాం. 11వ తేదీ, అంటే గుడ్లకి ఇరవై అయిదో రోజు, చివరిసారి తిప్పి, తడి స్పాంజి ముక్కలు పెట్టి, తేమ 70 దాటించి మూత మూసేశాను. ఇక తియ్యకూడదు. పిల్ల తల తిప్పుకుని, ముక్కు గాలి గది వైపు పెట్టుకుని సిద్ధమయ్యే రోజులవి. మూత తెరిస్తే తేమ పోతుంది. లోపలి పొర ఆరి తోలులా బిగుసుకుపోయి పిల్లని కట్టిపడేస్తుంది.

ఇరవై అయిదు రోజులు గంటకోసారి పెట్టె చుట్టూ తిరిగిన నాకు, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం చేతకాలేదు. అత్తయ్యకి మాత్రం అదే వచ్చు. మూతకి చెవి పెట్టి, నాలుకని అంగిలికి కొట్టి టక టక మని చప్పుడు చేసేవారు. లోపల్నుంచి సన్నగా కీచుమని జవాబు. పెంకు పగలకముందే మాట్లాడతాయి అవి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

13వ తేదీ పొద్దున మూడు గుడ్ల మీద చిన్న చిట్లు. నక్షత్రంలా పగిలి, మధ్యలో పెంకు కొంచెం పైకి లేచింది. సాయంత్రానికి ఇంకో మూడు. అమ్మలు స్కూలు నుంచి వచ్చి సంచీ అయినా దింపకుండా పెట్టె ముందు కూర్చుంది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. చిట్లు అక్కడే ఉంది. లోపల ముక్కు కదులుతోంది, ఆగుతోంది. "అమ్మా, పాపం ఊపిరాడట్లేదేమో. కొంచెం వలిచేద్దాం అమ్మా" అంది. నిజం చెప్పాలంటే నా వేళ్ళు కూడా అదే అంటున్నాయి. బత్తాయి తొక్క తీసినంత సులువుగా కనపడుతుంది అది.

"ఆగండే ఇద్దరూ" అన్నారు అత్తయ్య. "ఇంకా దాని నెత్తురు పొరలోనే ఉంది. ఇప్పుడు లాగితే పొట్ట మూసుకోకుండానే వచ్చుద్ది. వచ్చి చచ్చిపోద్ది."

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. చిట్లు పడ్డాక పిల్ల ఆగిపోయినట్టు కనిపించే ఆ గంటల్లోనే అసలు పని జరుగుతుంది. అన్ని రోజులూ దానికి ఊపిరి ఇచ్చింది పెంకు లోపలి పొరలో పరుచుకున్న రక్తనాళాలు. ఇప్పుడు ఊపిరితిత్తులు పనిలోకి దిగాలి. పొరలో ఉన్న రక్తం మెల్లగా పిల్ల ఒంట్లోకి చేరాలి. మిగిలిన పచ్చసొనంతా బొడ్డు గుండా పొట్టలోకి వెళ్ళి, బొడ్డు మూసుకోవాలి. బయటికొచ్చాక మొదటి ఒకటి రెండు రోజులు మేత లేకపోయినా బతికేది ఆ సొనతోనే. ఇదంతా అయ్యాక, ముక్కు చివరనున్న చిన్న గట్టి ముల్లుతో పెంకుని గుండ్రంగా కోసుకుంటూ తిరిగి, కాళ్ళతో తన్ని బయటపడుతుంది. చిట్లు నుంచి బయటపడే దాకా బాతు పిల్లకి ఒక రోజు నుంచి రెండు రోజులు పడుతుంది. మనకి కనిపించేది ఆఖరి గంట మాత్రమే. దానికి ముందున్నదంతా మన కళ్ళకి బద్ధకంలా, బాధలా కనిపిస్తుంది.

ఆ రాత్రి పెట్టె పక్కన చాప వేసుకుని పడుకున్నప్పుడు నాకు ఫిజియోథెరపీ అమ్మాయి మాట గుర్తొచ్చింది. డిసెంబర్ నుంచి వారానికి మూడుసార్లు ఇంటికొస్తోంది. మొదటి రోజే నాతో అంది, "ఆంటీ, ఆవిడ చేసుకోగలిగిన పని మీరు చెయ్యొద్దు. చెయ్యలేని పని ఆవిడని చెయ్యమనొద్దు. ఆ రెండింటికీ మధ్య గీత రోజూ మారుతుంటుంది, మీరే చూసుకోవాలి" అని. వినడానికి బాగుంది. కానీ అత్తయ్య జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి ఇరవై నిమిషాలు తంటాలు పడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి చూడడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. కుడి చేతి వేళ్ళు గుడ్డని పట్టుకోలేక జారిపోతాయి. ఆవిడ పళ్ళు బిగిస్తారు. పక్కింటావిడ వచ్చి చూస్తే, "కోడలు ఉండి కూడా పెద్దావిడ తిప్పలు చూడు" అనుకోదూ? మనం చేసే సాయంలో సగం అవతలి మనిషి కోసమైతే, సగం మన గుండె దడ తగ్గడానికి, ఇంకొంచెం నలుగురి కళ్ళ కోసం. ఆ లెక్క నాకు ఆ చాప మీద పడుకుని, లోపల టిక్ టిక్ మంటున్న గుడ్ల చప్పుడు వింటుంటే తేలింది.

14వ తేదీ తెల్లవారి నాలుగున్నరకి మొదటిది వచ్చింది. తడిసి ముద్దైపోయి, మెడ నిలబడక, చూడ్డానికి పిల్లలా కాదు, నీళ్ళలో నానిన దూదిలా ఉంది. గంటలో లేచి కూర్చుంది. తొమ్మిదిన్నరకల్లా ఇంకో రెండు, మధ్యాహ్నానికి మరో రెండు. అమ్మలు ఆ రోజు స్కూలుకి వెళ్ళలేదు, నేను వెళ్ళమనలేదు కూడా.

ఆరోది దారి తప్పింది. నిన్న సాయంత్రమే చిట్లు పెట్టింది, కానీ ముందొచ్చిన పిల్లలు దొర్లించడంతో ఆ చిట్లు సరిగ్గా ఫ్యాన్ గాలికి ఎదురుగా వచ్చింది. సాయంత్రం నాలుగింటికి చూస్తే చిట్లు అంచున పొర తెల్లగా, తడిగా లేదు. గోధుమరంగులోకి మారి కాగితంలా ఎండింది. దాదాపు ఒక రోజంతా గడిచినా చిట్లు గోరంత కూడా పెరగలేదు. అన్నిటికంటే ముఖ్యం, గొంతు మారింది. పొద్దున గట్టిగా జవాబిచ్చింది, ఇప్పుడు ఉండి ఉండి సన్నగా ఒక్క కూత.

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ చెవి పెట్టి విన్నారు. నాలుకతో టక టక మన్నారు. చాలాసేపటికి గానీ జవాబు రాలేదు.

"ఇప్పుడు చెయ్యి వెయ్యి" అన్నారు.

అమ్మలు వేడి నీళ్ళు, దూది పుల్లలు, నా కనుబొమ్మల పట్టకారు మరిగించి తెచ్చింది. ముందొచ్చిన అయిదింటినీ బల్బు పెట్టిన అట్టపెట్టెలోకి మార్చాం. గుడ్డుని కదలకుండా పట్టుకోవడానికి ఏదైనా గిన్నె వెతుకుతుంటే అత్తయ్య కుడి చెయ్యి చాపారు. ముడుచుకున్న ఆ వేళ్ళ మధ్య తడి గుడ్డ పరిచి గుడ్డు పెట్టాను. బాగానే కుదిరింది. ఆ చెయ్యి గట్టిగా నొక్కలేదు, విడవనూ లేదు.

ఎవరికైనా పనికొస్తుందని, ఏం చేశామో వివరంగా చెబుతాను. ముందు టార్చితో గాలి గది హద్దు చూసుకుని, ఆ హద్దు దాటకుండా వెడల్పు వైపు పెంకు మాత్రం ముక్కలు ముక్కలుగా తీశాను. కింది వైపు ముట్టుకోలేదు. పచ్చసొన ఉండేది అటే. పొర కనిపించాక గోరువెచ్చటి నీళ్ళతో దూది పుల్ల తడిపి మెల్లగా అద్దాను, ముక్కు రంధ్రాల్లోకి నీళ్ళు పోకుండా. తడిసిన పొర అద్దంలా అయ్యి లోపలివన్నీ కనిపిస్తాయి. ఒక పక్కన సన్నటి ఎర్రటి దారం ఒకటి ఇంకా ఉంది.

"ఆపెయ్" అన్నారు అత్తయ్య. ముక్కు చుట్టూ ఊపిరికి అడ్డం లేకుండా మాత్రం చేసి, గుడ్డుని తడి గుడ్డతో సహా పెట్టెలో పెట్టి మూత వేసేశాం. అమ్మలుకి కోపం వచ్చింది. మొదలుపెట్టి సగంలో ఆపడం ఏమిటని. రెండున్నర గంటలు ఆగాం. ఆ రెండున్నర గంటలూ నేను వంకాయ కూర వండాను, చపాతీలు చేశాను. ఏం వండానో నాకు తెలియదు.

ఆరున్నర దాటాక మళ్ళీ తడిపి చూస్తే ఎర్ర దారం లేదు. పొర తీసి, రెక్క కింద ఇరుక్కున్న తల మాత్రం బయటికి వచ్చేలా చేశాను. అంతే. మిగతా ఒళ్ళు పెంకులోనే ఉంచి మళ్ళీ పెట్టెలో పెట్టాం. బయటికి తన్నుకు రావడం దాని పని. ఆ తన్నడం వల్లే కాళ్ళకి బలం వస్తుందని, పొట్ట సిద్ధంగా లేకపోతే అదే ఆగుతుందని అత్తయ్య అన్నారు. రాత్రి తొమ్మిది దాటాక పెంకు అటూ ఇటూ ఊగింది. ఒక తన్ను, విశ్రాంతి. ఇంకో తన్ను, విశ్రాంతి. చివరికి పెంకు ఒక పక్కకి, పిల్ల ఒక పక్కకి. బొడ్డు శుభ్రంగా మూసుకుని ఉంది. మా ముగ్గురిలో ఎవరం ముందు ఏడ్చామో చెప్పను.

ఏడోది చిట్లు పెట్టనే లేదు. 13న లోపల టిక్ టిక్ మంది. 14 రాత్రికి ఆగింది. ఇంకో రెండు రోజులు చూసి, టార్చి వెలుగులో ఏ కదలికా లేదని రూఢి చేసుకుని, పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాం. అమ్మలు అడిగింది, "దాన్ని కూడా మనం పగలగొట్టి ఉంటే నాన్నమ్మా?" అని. అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. "అది గాలి గదిలోకైనా రాలేదే అమ్మలూ. పిలిచినదానికి చెయ్యి ఇస్తాం. పిలవనిదానికి ఎక్కడని చెయ్యి పెడతాం?" అన్నారు. అమ్మలుకి ఆ జవాబు సరిపోలేదు. కొన్నిటికి సరిపోయే జవాబు ఉండదని పదిహేనేళ్ళ పిల్లకి చెప్పడం నాకూ చేతకాలేదు. జామచెట్టు కింద నీళ్ళు పోసి వచ్చాం.

తర్వాత నెల రోజులు మా ఇల్లు ఇల్లులా లేదు. మొదటి వారం నానబెట్టిన నూకలు, ఉడికించిన గుడ్డు సొన, దాణా. నీళ్ళు లోతు లేని మూకుడులో, అందులో గులకరాళ్ళు. లేకపోతే మునిగిపోతాయి. బాతు పిల్ల కదా అని నీళ్ళలో వదిలితే నూగు తడిసి చలికి పోతుంది. గుడ్లోంచి రాగానే చూసినవాళ్ళనే అమ్మ అనుకుని వెంట పడతాయట. ఆ సంగతి బాతుల జాతి పక్షుల్ని పెంచి లోకానికి చెప్పిన కొన్రాడ్ లోరెంజ్‌కి 1973లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. మా వాటా ఏమిటంటే, అత్తయ్య కర్ర చప్పుడుకి ఆరూ వరసగా ఆవిడ వెనక నడిచేవి. అవి వస్తున్నాయని ఆవిడ వసారాలో ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ తిరిగేవారు. ఫిజియోథెరపీ అమ్మాయి చూసి నవ్వి, "వీటికి ఫీజెంత?" అంది.

హుక్కుల సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు నేను గుమ్మం దగ్గర నిలబడను. వంటింట్లో నా పని నేను చేసుకుంటూ చెవి అటు పెడతాను. ప్రయత్నం సాగుతోందా? నిన్నటి కంటే కాస్తయినా ముందుకొచ్చిందా? గొంతులో విసుగు ఉందా, నీరసం ఉందా? విసుగైతే ఆగుతాను, విసుగు బలానికి గుర్తు. నీరసమైతే వెళ్ళి ఒక్క హుక్కు, అదీ పైది, పెట్టి వచ్చేస్తాను. మిగతా మూడూ ఆవిడవి. మార్చి నెలలో ఒక రోజు నాలుగూ ఆవిడే పెట్టుకున్నారు. మర్నాడు మళ్ళీ ఒకటే. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన గీత అలాగే జరుగుతూ ఉంటుంది.

ఒక పాత సంగతి అత్తయ్య తరచూ చెబుతారు. కోడి కింద పుట్టిన బాతు పిల్లలు మొదటిసారి చెరువు చూడగానే బుడుంగున దిగిపోయేవట. కోడి గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తుతూ రెక్కలు కొట్టుకుంటూ గోల పెట్టేదట, మునిగిపోతాయని. పిల్లలేమో హాయిగా ఈదుతుండేవి. "అది రోజూ గోల పెట్టేది. వారం పోయాక గట్టునే గింజలు ఏరుకుంటా ఉండేది, ఒక కన్ను మాత్రం నీళ్ళ మీదే" అంటారు.

నెల నిండాక పిల్లల్ని ఊళ్ళో చెరువుకి చేర్చాం. పెంకులోంచి మేము సాయం చేసి తీసిన దాన్ని గుర్తుపట్టడానికి అమ్మలు మొదట్లోనే దాని కాలి గోటికి ఎర్ర నెయిల్ పాలిష్ వేసింది. మూడు వారాలకి అది కాస్తా అరిగిపోయింది. ఊళ్ళో గంప దింపి మూత తీయగానే ఆరూ ఒక్కసారిగా గట్టు దిగాయి. ఏది ఏదో అమ్మలు ఎంతసేపు చూసినా చెప్పలేకపోయింది.